ఏ ఇంట్లో ఉన్నప్పుడు?

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో ఒక పాఠకుడికి జవాబు చెబుతూ, తరచూ ఇళ్ళు మారిన కుటుంబాలు సంవత్సరాలను అంకెలతో కాక ఇళ్ళతో లెక్కపెట్టుకుంటాయని, ‘చెల్లాయికి ఆటలమ్మ పోసింది ఏ ఇంట్లో ఉన్నప్పుడు?’ అని అడిగితే తప్ప మా అమ్మకు ఏడాది గుర్తుకు వచ్చేది కాదని రాశాను. అసలు ప్రశ్నకు నేను చెప్పిన జవాబును ఎవరూ పట్టించుకోలేదు కాని, ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఐదింటికి ఈ నెల జవాబు చెబుతున్నాను. ఉత్తరాలను కొంత కుదించాము. పేరు వేయవద్దని కోరినవారి పేర్లు వేయలేదు.

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేశారు. నేను 1966లో గుంతకల్లులో పుట్టాను. ఆ తరువాత నంద్యాల, ధర్మవరం, మళ్ళీ గుంతకల్లు; ఇలా నాకు పదహారేళ్ళు వచ్చేలోగా ఐదు ఇళ్ళు మారాము. ధర్మవరంలో క్వార్టరు దొరకక నేతపనివారి వీధిలో అద్దెకు ఉన్నాము. అన్నయ్య చదువు చెడుతుందని ఆ రోజుల్లో వాడిని అమ్మమ్మగారి ఊళ్ళో ఉంచారు. నాకు బాగా గుర్తున్నది పెరట్లో పెద్ద వేపచెట్టున్న ఇల్లు. వాన పడితే ఆ పెరట్లో చెప్పు దిగబడిపోయి, కాలు మాత్రమే పైకి వచ్చేది. తెల్లవారేసరికి పక్కింట్లోంచి మగ్గం చప్పుడు వినిపించేది. అది ధర్మవరం ఇల్లని నేనంటాను. అది నంద్యాల క్వార్టరని, మగ్గమూ లేదు గిగ్గమూ లేదని, అదంతా నా కల్పన అని అన్నయ్య అంటాడు. మనవరాలి కోసం ఈ ఇళ్ళ సంగతులు రాసిపెడదామని కూర్చుంటే మొదటి పేజీలోనే మా ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. ఎవరిది నిజం? నాన్నగారి డ్యూటీల గొడవ కూడా ఇందులో రాయడం అవసరమా?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: మీ ఇద్దరిదీ నిజమేనని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే మీరు ఒక ఇల్లనుకుని రెండు ఇళ్ళ గురించి రాశారు.

ఆధారాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. చెప్పును పట్టుకుని వదలని బురద నల్లరేగడి నేలలో ఉంటుంది. కుందూ నది ఒడ్డున ఉన్న నంద్యాల నల్లరేగడికి పెట్టింది పేరు. ధర్మవరం చుట్టుపక్కల చాలావరకు ఎర్రనేల; అక్కడ వాన వెలిసిన కాసేపటికే పిల్లలు మళ్ళీ ఆటకు దిగవచ్చు. కాబట్టి బురదా, ఆ బురదలో నిలబడిన వేపచెట్టూ నంద్యాలవి. ఇంతవరకు మీ అన్నయ్యగారి మాటే నెగ్గుతుంది. అయితే మగ్గం చప్పుడు మీరు కల్పించుకున్నది కాదు. పట్టుచీరల ధర్మవరంలో, అందులోనూ నేతపనివారి వీధిలో అద్దెకున్న పిల్లకు నాడె దూసుకుపోయే చప్పుడూ, ఆ వెంటనే పన్నె దెబ్బా వినిపించకపోతేనే ఆశ్చర్యపడాలి. ఆ చప్పుడు మీ అన్నయ్యగారికి తెలియకపోవడానికి కారణం మీరే రాశారు. ఆయన అప్పుడు ఆ ఇంట్లో లేరు. లేని ఇంటి గురించి సాక్ష్యం చెప్పబోయి ఆయన, రెండు ఇళ్ళను ఒకటిగా కుట్టేసి మీరు, చెరొక పొరపాటూ చేశారు.

ఇలా కుట్టుకోవడం ఇళ్ళు మారిన పిల్లలందరికీ మామూలే. నాలుగైదేళ్ళ పిల్లకు ఇల్లంటే ప్రధానంగా సామాను. పొయ్యి ఏ మూలన ఉంది, ఇనుప మంచం ఎటువైపు వేశారు, దేవుడి పటాలు ఎక్కడ పెట్టారు అన్నవే గుర్తుంటాయి. బదిలీల సంసారం చేసిన తల్లులు ఏ ఊరు వెళ్ళినా సామానును ఒకే తీరులో సర్దుకునేవారు, లేకపోతే చీకట్లో అగ్గిపెట్టె దొరకదు. లోపల అంతా ఒక్కలాగే ఉండడంతో, నంద్యాల పెరడూ ధర్మవరం గోడా మీ మనసులో ఒకే ఇంటికి అతుక్కుపోయాయి.

మీ తగవు తేలడానికి ఒక పద్ధతి చెబుతాను. మీరూ అన్నయ్యగారూ ఒకరిది ఒకరు చూడకుండా, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క కాగితం తీసుకుని ఇంటి పటం గీయండి. వీధి గుమ్మం ఎటు ఉండేది, వంట ఎక్కడ చేసేవారు, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేవారు, రాత్రిపూట ఎవరు ఎక్కడ పడుకునేవారు అన్న నాలుగు సంగతులు చాలు. చల్లని ఇల్లు, బంగారంలాంటి ఇల్లు వంటి మాటలు ఈ దశలో వద్దు. రెండు పటాలు కలవని చోట నీళ్ళ విషయంలో మాత్రం మీ మాటకే ఎక్కువ విలువ ఇవ్వమని మీ అన్నయ్యగారికి నా మనవిగా చెప్పండి. బిందె మోసినవారికి బావి దారి తప్పదు.

ఆ తరువాత కాగితాలను పక్కన పెట్టుకోండి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల తరువాత ప్రభుత్వోద్యోగాల దరఖాస్తులలో, నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ ఏడాది ఏ ఊళ్ళో చదివారో చెప్పే ఏడు గళ్ళ పట్టిక ఒకటి వచ్చింది. స్థానికులమని రుజువు చేసుకోవడం కోసం మన తరంలో ఎందరో బడుల చుట్టూ తిరిగి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. విసుక్కుంటూ నింపిన ఆ పట్టిక నిజానికి మనం ఉన్న ఇళ్ళ జాబితా. మీ దగ్గర ఉంటే వెతికి తీయండి. అయితే అది నాలుగో తరగతితో మొదలవుతుంది కనుక మీ నంద్యాల రోజులకు పనికిరాదు. వాటికి నాన్నగారి సర్వీసు కాగితాలు, తోబుట్టువుల పుట్టిన ఊళ్ళు, పాత రైల్వే పాసులు ఆధారం. పాసు దొరికితే దాని మీద ఏ రైల్వే పేరు అచ్చయి ఉందో చూడండి. గుంతకల్లు డివిజన్ దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారింది 1977 అక్టోబరు 2న. ‘సదరన్ రైల్వే’ అని ఉన్న పాసు అంతకు ముందు నాటిదే అయి ఉండాలి. తేదీ చిరిగిపోయిన పాసు కూడా ఆ మాత్రం సాక్ష్యం చెబుతుంది.

ఇక నాన్నగారి డ్యూటీల గొడవ రాయాలా అని అడిగారు. అది వదిలేస్తే మీరు రాసేది ఎవరి ఇల్లయినా కావచ్చు. మా పినతండ్రిగారు బిట్రగుంటలో బొగ్గు ఇంజన్ల కాలపు డ్రైవరు. వేసవి సెలవులకు నేను అక్కడికి వెళ్ళేవాణ్ణి. అర్ధరాత్రి దాటాక కాల్ బాయ్ వచ్చి కిటికీ చువ్వలను కర్రతో టకటకలాడించి, ఆయన పేరూ బండి నంబరూ చెప్పేవాడు. మా పిన్ని లాంతరు వత్తి పెంచి కిటికీ దగ్గర పట్టుకుంటే, బాబాయి కళ్ళు నలుపుకుంటూ చువ్వల మధ్య నుంచే కాల్ పుస్తకంలో సంతకం చేసేవారు. సంతకం అయ్యాక కాల్ బాయ్ పక్క క్వార్టరు కిటికీ దగ్గరకు వెళ్ళేవాడు. ఆ టకటక ఒక్కొక్క ఇంటికీ దూరమవుతూ ఉండగా పిన్ని పొయ్యి రాజేసేది. కేరియరులో పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ సర్దేసరికి బాబాయి బూట్లు తొడుక్కుని సిద్ధంగా ఉండేవారు. మరునాడు ఆయన తిరిగి వచ్చి పడుకుంటే పట్టపగలు ఇల్లంతా నిశ్శబ్దం. గోళీలాట కూడా గుసగుసలతోనే ఆడుకునేవాళ్ళం. గోళీకి గోళీ తగిలిన చప్పుడుకు పిన్ని వంటింట్లోంచి వేలెత్తి చూపించేది. ఆ ఒక్క క్వార్టరులోనే కాదు, ఆ వరుసలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పగలు నిద్రపోతూనే ఉండేవారు. ఇప్పుడు డ్యూటీ కబురు ఫోనుకు వస్తుంది. కాల్ బాయ్ అంటే ఎవరో మీ మనవరాలికి చెప్పగలిగినవారు మీ ఇంట్లో మీరిద్దరే ఉన్నారు. గార్డు వెంట వెళ్ళే పెట్టె, అందులోని ఎర్ర పచ్చ జెండాలు, చేతి దీపం, ఆ పెట్టెను తాకితే తగిలిన దెబ్బలు, అన్నీ రాయండి.

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. చిన్నప్పుడు మొదట బోదకొట్టంలో, తరువాత తాత కట్టిన మట్టి మిద్దెలో, ఆ తరువాత నాపరాళ్ళు పరిచిన ఇంట్లో పెరిగాను. ఏటా వానలకు ముందు అవ్వ గంపలతో చౌడుమట్టి పైకి మోయించి మిద్దె మీద పరిపించి తొక్కించేది. ఈ సంగతి చెబితే, మట్టి మీద మట్టి వేస్తే వాన ఆగుతుందా అని సివిల్ ఇంజనీరైన మా అబ్బాయి నవ్వుతున్నాడు. మా అవ్వ చేసినది మూఢనమ్మకమా?
– ఆర్., ప్రొద్దుటూరు

జవాబు: మీ అవ్వగారు చేసినది మంచి ఇంజనీరింగు. మీవాడికి చౌటిపొలం ఒకటి చూపించండి. వాన పడితే అక్కడ నీరు ఇంకదు, గుంటలు కట్టి నిలిచిపోతుంది. సోడియం ఎక్కువగా ఉన్న మట్టి తడిసినప్పుడు అందులోని సన్నని బంకరేణువులు విడివిడిగా చెదిరిపోయి, మట్టిలో నీరు దిగే సందులను పూడ్చేస్తాయి. పైరుకు శత్రువైన ఈ గుణమే కప్పుకు కావలసిన గుణం. దూలాల మీద దంతెలు, వాటి మీద పుల్లలు, ఆకు, ఆపైన మామూలు మట్టి, అన్నిటికంటే పైన చౌడు. మొదటి వానకు పై పొర తడిసి బిగుసుకుంటుంది, కింది పొరలు పొడిగా ఉంటాయి. గాలికీ ఎండకూ ఆ పొర పలచబడుతుంది కనుక ఏటా కొత్త చౌడు వేయాలి. రైతు తిట్టుకుని వదిలేసిన నేలలో నుంచి ఖర్చు లేకుండా వాననీటి కాపుదల తెచ్చుకున్నవారిని చూసి ఇంజనీరు నవ్వవలసిన పని లేదు.

మీ ఉత్తరంలో లేని ఒక వస్తువు గురించి అడుగుతాను. మీ మిద్దెకు గవాచి ఉండేదా? వంటింటి పొగ పోవడానికీ, వెలుతురు రావడానికీ కప్పులో వదిలిన ఆ కన్నాన్ని, చినుకు పడగానే పైకి ఎక్కి మూసి రావడం రాయలసీమ ఇళ్ళలో పిల్లల పని. పగలు ఎండ ఆ కన్నంలో నుంచి దిగి, నేల మీద రూపాయి బిళ్ళంత వెలుగై, గోడవైపు మెల్లగా నడుస్తూ పోయేది. గడియారం లేని ఇంట్లో ఆ వెలుగు ఏ గాదె దాకా వచ్చిందో చూసి సంగటికి ఎసరు పెట్టినవారు ఉన్నారు. మీరు ఎన్నిసార్లు పరుగెత్తి మిద్దె ఎక్కారో, ఎన్నిసార్లు ఆలస్యమై పొయ్యి తడిసిందో, ఎవరు తిట్టారో రాయండి. మూడు ఇళ్ళలో గవాచి ఉన్నది ఒక్క మిద్దెకే అయితే, ఆ జ్ఞాపకాలకు వేరే తేదీ అక్కరలేదు.

ఒక్క హెచ్చరిక. మట్టిమిద్దె చల్లగా ఉండేదన్నది నిజమే. మందపాటి గోడ పగటి వేడిని లోపలికి రానివ్వడానికి సాయంత్రం దాకా సమయం తీసుకుంటుంది. కాని నాలుగు రోజులు ముసురు పట్టితే నానిన గోడ కూలి, నిద్రలో ఉన్నవారి మీద పడిన వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాము. ముసురు రాత్రుల్లో మీ తాతగారు నిద్రపోకుండా గోడలను తడిమి చూసుకున్నారేమో గుర్తు తెచ్చుకోండి. చల్లదనం గురించి రాసిన పేజీలోనే ఆ మాట కూడా ఉండాలి.

ప్రశ్న: మా నాన్నగారు తపాలా శాఖలో గుమాస్తా. తెనాలి, గుడివాడ, ఏలూరులలో తొమ్మిదేళ్ళలో ఆరు అద్దె వాటాలు మారాము. ‘మీరేమిటోళ్ళు?’ అన్న ప్రశ్నకు నాన్న నిజం చెప్పిన చోట వాటా దొరికేది కాదు. వాళ్ళు అడగకుండా ఇచ్చిన చోట కొన్నాళ్ళకు ఎవరో చెప్పేవారు. ఆ వారంలోనే ‘మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చెయ్యండి’ అనేవారు. గోడకు మేకు కొట్టకూడదన్నది దాదాపు అన్ని ఇళ్ళలోనూ షరతు. మా అమ్మ కేలెండరును ట్రంకుపెట్టె మీద గోడకు ఆనించి నిలబెట్టేది. గాలికి అది పడిపోతే మళ్ళీ నిలబెట్టడం నా పని. ఇప్పుడు ఇవన్నీ రాస్తుంటే, ‘మంచి సంగతులు రాసుకో, అవెందుకు?’ అని అమ్మ అంటోంది. ఏం చేయమంటారు?
– ఎం., హైదరాబాదు

జవాబు: రాయండి. ఆరు వాటాల కుటుంబ చరిత్రలో ఎందుకు ఆరు వాటాలో చెప్పకపోతే, చదివిన పిల్లలు మీ నాన్నగారికి నిలకడ లేదనుకుంటారు. ఊళ్ళు మూడే అయినప్పుడు ఇళ్ళు ఆరెందుకు అయ్యాయన్నదే అసలు సంగతి.

మీరు విన్న ఆ వాక్యం గురించి ఒక మాట. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం ప్రకారం అద్దెకున్నవారిని ఊరికే వెళ్ళగొట్టడానికి అప్పట్లో వీలుండేది కాదు. ఆ చట్టం ఒప్పుకున్న కారణాలలో యజమాని సొంత అవసరం ఒకటి. ‘మా అబ్బాయి వస్తున్నాడు’ అన్న మాట మన పట్టణాలన్నింటిలోనూ ఒక్కలాగే వినిపించడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. మనసులో ఉన్న కారణం చెప్పుకోదగినది కాదు కనుక, చట్టానికి సరిపోయే కారణం నోటికి వచ్చేది. చాలాచోట్ల అద్దెకు రసీదు కూడా ఇచ్చేవారు కారు కాబట్టి, చట్టం ఉందన్న సంగతి గుమాస్తా కుటుంబానికి తెలిసినా ఉపయోగపడేది కాదు. రాని అబ్బాయిల కోసం ఖాళీ అయిన వాటాలు ఎన్నో లెక్క తీస్తే, మన పట్టణాలకు విదేశాల నుంచి తిరిగి వచ్చిన కొడుకుల సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది.

రాయడానికి ఒక పద్ధతి సూచిస్తాను. ఆరు ఇళ్ళకూ ఒక పట్టిక వేయండి. మారడానికి యజమాని చెప్పిన కారణం ఒక వరుసలో, మీ ఇంట్లో అందరికీ తెలిసిన కారణం దాని పక్క వరుసలో రాయండి. వ్యాఖ్య అక్కరలేదు. యజమానుల పేర్లు కూడా అక్కరలేదు. వీధి, సంవత్సరం చాలు. ఆ ఆరు ఇళ్ళలో ఎక్కడైనా బావి తాడు ఇచ్చినవారు, పురిటికి తోడుగా వచ్చినవారు, మీ సామాను బండికెత్తడానికి చెయ్యి వేసినవారు ఉంటే వారిని మాత్రం పేరు పెట్టి రాయండి.

మీ అమ్మగారి మాటను తోసిపుచ్చమని నేను చెప్పడం లేదు. నాన్నగారు గుమ్మం బయట నిలబడి జవాబు చెబుతున్నప్పుడు ఆమె వీధిలో సామాను బండి పక్కన నిలబడి ఉంటారు. ఆ నిమిషాలు ఆమెవి, వాటిని రాయాలంటే ఆమె అనుమతి కావాలి. కేలెండరు మాత్రం మీది. పడిపోయిన ప్రతిసారీ నిలబెట్టింది మీరే. దాని గురించి రాయడానికి ఎవరినీ అడగనక్కరలేదు. అది రాసి ఆమెకు చదివి వినిపించండి. తరువాతి సంగతులు ఆమే చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు, ఒత్తిడి చేయవద్దు.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వాడు పుట్టాక నాలుగు అపార్టుమెంట్లు మారాము. మాకు ఊళ్ళో తాతగారి ఇల్లు ఉండేది. అలాంటి ఇల్లు ఒక్కటీ లేని పిల్లవాడికి చిన్ననాటి జ్ఞాపకాలు నిలుస్తాయా?
– వి., డాలస్

జవాబు: నిలుస్తాయి. ఇల్లు మారిన రోజుల చుట్టూ జ్ఞాపకాలు ఎక్కువగా పోగుపడతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా గమనించారు. ఒకే ఇంట్లో పెరిగిన నా స్నేహితుడొకడు తన బాల్యమంతా ఒకే మధ్యాహ్నంలా ఉందని, ఏది ముందో ఏది వెనుకో చెప్పలేనని అంటాడు. మీవాడికి ఆ ఇబ్బంది ఉండదు. అయితే పెద్దయ్యాక మూడు, మూడున్నరేళ్ళకు ముందు సంగతులు ఎవరికీ పెద్దగా గుర్తుండవు కనుక, మొదటి అపార్టుమెంటు గురించి చెప్పవలసిన బాధ్యత మీదే. ఈసారి ఇల్లు మారేటప్పుడు, సామాను కట్టకముందే ఒక పని చేయండి. పుట్టినరోజు కేకుల ఫొటోలు మీ దగ్గర వందలు ఉంటాయి. సింకు కింది అర, చెప్పులు విడిచే చోటు, వాడు పడుకుని చూసే పైకప్పు, మెట్ల మలుపు, వీటి ఫొటోలు తీయండి. తీసేటప్పుడు కెమెరాను వాడి కళ్ళ ఎత్తులో పట్టుకోండి.

ప్రశ్న: మాది కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. 1981లో శ్రీశైలం డ్యాం నీళ్ళలో మునిగింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా నాయన ఇంటి దర్వాజ, దూలాలు ఊడదీసి ఎడ్లబండి మీద తెచ్చి, కొత్త ఊళ్ళో కట్టుకున్న ఇంటికి పెట్టాడు. ఆ దర్వాజ ఇప్పటికీ ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పాత ఊరి పునాదులు బయటపడతాయని చెబుతారు. మా బిడ్డను తీసుకుపోయి ఇల్లు చూపించాలని ఉంది. గుర్తుపట్టగలనా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వేసవిలో మట్టం బాగా పడిపోయిన ఏడాది ఏప్రిల్, మే నెలల్లో మునక ఊళ్ళ ఆనవాళ్ళు తేలడం నిజమే. సంగమేశ్వరం గుడి కూడా అలాగే తేలుతుంది. అయితే ఏటా ఒకే మట్టానికి దిగదు. పైగా ఒండ్రు కప్పేసిన చోట ఏమీ కనిపించకపోవచ్చు. కాబట్టి ముందే కొంత సిద్ధపడి వెళ్ళాలి.

మీ ఇంటికి సర్వే నంబరు వెతికితే దొరకదు. ఊరి ఇళ్ళన్నీ గ్రామకంఠం కింద ఒక్కటిగా ఉంటాయి. కాని నష్టపరిహారం ఇచ్చే ముందు ఇళ్ళకు విలువ కట్టారు. భూసేకరణ అవార్డుకు, అంటే పరిహారం నిర్ణయించిన ఉత్తర్వుకు, సంబంధించిన ఆ పట్టికల్లో ఇంటి కొలతలు, గోడలు మట్టివా రాతివా, కప్పు ఏమిటి, తలుపులు ఎన్ని అన్న వివరాలు ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద కలెక్టరు కార్యాలయంలో మీ నాయన పేరు, పాత ఊరి పేరు రాసి నకలు అడగండి. మీ జిల్లా ఇప్పుడు నాగర్‌కర్నూల్ అయినా, 1981 నాటి కాగితాలు మహబూబ్‌నగర్ జిల్లా పేరు మీదనే ఉంటాయన్నది దరఖాస్తులో మరవకండి. మీకున్నవి ఎనిమిదేళ్ళ పిల్లవాడి జ్ఞాపకాలు. అందులో వాకిలి మైదానమంత ఉంటుంది. ఆ పట్టికలో ఉన్నది కొలిచి రాసిన ఇల్లు. నష్టం లెక్కకట్టడానికి రాసిన కాగితమే అయినా, మీ చిన్ననాటి ఇంటికి మిగిలిన లెక్క అదే.

ఇదే జలాశయం కోసం కూడలి సంగమేశ్వరాలయాన్ని (ఇది పైన చెప్పిన సంగమేశ్వరం గుడి కాదు, వేరు) రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. చాలా మంచి పని. మనుషుల ఇళ్ళకు ఆ ఏర్పాటు లేదు. మీ నాయన లాంటివారు ఎవరి దర్వాజ వారే ఊడదీసుకుని బండికెత్తుకోవలసి వచ్చింది.

ఒంటరిగా వెళ్ళకండి. పైకి ఎండినట్టు కనిపించే బురద లోపల మెత్తగా ఉంటుంది. ఆ నేల తెలిసిన జాలరులను తోడు తీసుకోండి. అప్పటికి ఇరవై ఏళ్ళు దాటి ఉన్న పెద్దమనిషి మీ ఊరివారిలో ఒక్కరున్నా ఆయనను బతిమాలి వెంట తీసుకుపోండి. ముందు ఊరి బావిని వెతకండి, రాతికట్టు బావి పునాదుల కంటే త్వరగా కనిపిస్తుంది. బావి దొరికితే అక్కడి నుంచి మీ అమ్మ బిందెతో నడిచిన దారి పట్టుకోండి. పునాదులు తేలిన చోట, గడప ఉండవలసిన దగ్గర గోడల మధ్య సందు ఉంటుంది. మీ కొత్త ఇంటి దర్వాజ వెడల్పును బయలుదేరే ముందు రోజే, చౌకట్టు బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలిచి రాసుకోండి. టేపు బిడ్డ చేతికి ఇవ్వండి.